ఆత్మల వాటా

మా బావ గిల్దార్డో తాగుడు గురించి మా ఊరు కలార్కాలో ఎవర్నడిగినా చెప్తారు. ఆయన ఊదితే ఆరిపోయిన కొవ్వొత్తి వెలిగేది. ఒకసారి ఆయన్ని కుట్టిన దోమ మా వంటింట్లోకొచ్చి పాట ఎత్తుకుంది. రెండో చరణం గుర్తురాక ఏడ్చింది. నేను నా చెవులతో విన్నాను. మా అక్క రుబియెలా, అంటే ఆయన పెళ్ళాం, కూడా విన్నది గానీ ఒప్పుకోదు. ఒప్పుకుంటే దోమని ఎందుకు చంపావంటారని భయం.

అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా గ్వాదువల్ పార్కులో చుక్క ముట్టకుండా గడిపాడు. సీసా దొరక్క కాదు. సీసా ఎదురుగానే ఉంది, పోసేవాడు పోస్తూనే ఉన్నాడు, కప్పు చేతికొస్తూనే ఉంది. అయినా గడిపాడు. దానికి కారణం లుసేరో, మా బావ కూతురి కూతురు.

పోయిన ఏడాది ఇదే పార్కులో జెయింట్ వీల్ తాతయ్యతో ఎక్కుతానని ఆ పిల్ల ఎంతో ఆశపడింది. మా బావ భోజనం దగ్గర గ్వారో సారా పట్టించి, తూలుకుంటూ వీల్ దగ్గరికెళ్ళాడు. తాగినవాళ్ళు ఎక్కకూడదని గేటు దగ్గర ఆపేశారు. పిల్ల ఒక్కతే వెళ్ళి ఎవరో ముక్కూ మొహం తెలియని లావుపాటాయన పక్కన కూర్చుంది. ఆయన పైకెళ్ళి కిందికి దిగేదాకా మొక్కజొన్న పొత్తు నములుతూనే ఉన్నాడట. పిల్ల ఏడవలేదు. ఆ రోజు జీపు అక్కడే వదిలేసి బస్సులో వచ్చాం. బస్సులో తాతయ్య పక్క సీటు ఖాళీగా ఉంటే, పోయి అమ్మమ్మ ఒళ్ళో కూర్చుంది. అంతే చేసింది. మా బావకి ఆ ఖాళీ సీటు ఏడాది పొడుగునా గుచ్చుకుంటూనే ఉంది.

ఈ ఏడాది లుసేరో పొడుగైంది. పార్కులో 'కంచరగాడిద' అని ఒక రైలుంది. కొండ మీంచి లోయలోకి దూకి, మెలికలు తిరిగి, తలకిందులై, ఎక్కినవాణ్ణి తన్నినంత పని చేస్తుంది. దాని గేటు దగ్గర చెక్క గాడిద బొమ్మ ఒకటి నిలబెట్టారు. పిల్లల తల ఆ గాడిద చెవి కొసకి తగిలితేనే లోపలికి పంపుతారు. ఆ చెవి ఎత్తు మా ఇంటి తలుపు మీద గీసుకుని, లుసేరో రోజూ పొద్దున్నే వచ్చి నిలబడేది. తగిలిన రోజు పరిగెత్తుకుంటూ వచ్చి, జీపు కింద దూరి ఏదో బిగిస్తున్న తాతయ్య కాళ్ళు పట్టి బయటికి లాగింది.

"తాతయ్యా, కంచరగాడిద ఎక్కుతా. నీతోనే ఎక్కుతా. కానీ ఈసారి కూడా నువ్వు తాగావనుకో, ఇంక నీతో ఎప్పుడూ ఏదీ ఎక్కను."

"జీపు కూడానా?"

"జీపు కూడా."

మా బావ లేచి, నూనె చెయ్యి బానెట్ మీద పెట్టి ఒట్టేశాడు. ఆ విల్లీస్ జీపంటే ఆయనకి చర్చిలో ఉన్న దేవతలందరికంటే ఎక్కువ. దేవతలు ఎత్తు ఎక్కేటప్పుడు ఎప్పుడైనా వెనక్కి జారతారేమో గానీ జీపు జారదంటాడు.

ఒట్టు వెయ్యడం తేలికే. చిక్కల్లా వియ్యంకుడితో. లుసేరోకి నాన్న తరఫు తాత దోన్ అర్నోబియో. ఆయన మెళ్ళో తాడుకి ఒక చిన్న కొమ్ము కప్పు వేలాడుతుంటుంది. ఎక్కడ నలుగురు కూర్చున్నా ఆయనే పోస్తాడు, అందరూ ఆ ఒక్క కప్పులోనే తాగాలి. కప్పు ఒకరి దగ్గర్నుంచి ఖాళీ అయి వస్తేనే పక్కవాడి వంతు. వద్దని చెయ్యి అడ్డం పెడితే మొహం మీద ఉమ్మినంత అవమానం ఆయనకి. మా చర్చి ఫాదర్ ఒకసారి అడ్డం పెట్టాడని, మూడు క్రిస్మస్‌లు దోన్ అర్నోబియో పక్క ఊరి చర్చికి నడిచి వెళ్ళాడు. ఆ కోపానికి ఆయన నడిచిన దారిలో ఇప్పటికీ గడ్డి మొలవదు.

"పాపకి మాటిచ్చానని ఆయనకి చెప్పెయ్యవయ్యా," అంది మా అక్క.

"చెప్తే నవ్వుతాడు. నవ్వి పోస్తాడు. వద్దంటే అలుగుతాడు. ఆయన అలిగితే ఆ ఇంట్లో ఉన్న మన కూతురి చెవులు చిల్లులు పడతాయి."

"మరేం చేస్తావ్?"

"చూద్దాం లేవే. గాడిద ఇంకా లేవనే లేదు, అప్పుడే తన్నులెందుకు?"

ఆదివారం అయిదుగురం జీపెక్కాం. బావ స్టీరింగ్ ముందు, పక్కన మా అక్క, వెనక వియ్యంకుడూ నేనూ, మా ఇద్దరి మధ్య ఇరుక్కుని లుసేరో. తాతయ్య పక్కన కూర్చోమంటే వద్దంది. సాయంత్రం చూద్దాంలే అంది.

పార్కు గేటు దగ్గర సంచులు వెతుకుతారు, బయటి సీసా లోపలికి రాదు. లోపల మాత్రం పాతకాలం గాడిదలు తోలేవాళ్ళు ఆగే పూటకూళ్ళ ఇంటిలా ఒక ఫోండా కట్టారు. అందులో బీరూ, గ్వారో, భోజనం దొరుకుతాయి. కంచరగాడిదని ఆ పూట నూనె వేసి సరిచూస్తున్నారట, భోజనాలయ్యాకే తెరుస్తామన్నారు. ఆ మాట వినగానే మా బావ మొహం చూడాలి. అంతసేపూ ఫోండాలో, వియ్యంకుడి పక్కన!

దోన్ అర్నోబియో అప్పటికే సీసా తెప్పించి మూత తీశాడు. సోంపు వాసన గుప్పుమంది. మెళ్ళోంచి కప్పు తీసి నిండా పోసి, రెండు చేతులతో మా బావకి అందించాడు.

"బావగారూ, మన మనవరాలు చెవి అందుకుంది. ముందు మీరే కానివ్వండి."

మా బావ కప్పు అందుకున్నాడు. దానిలోకి చూశాడు. అది ఆయన్ని చూసింది. ఎదురు బెంచీ మీద లుసేరో అరెపా రొట్టె కొరకడం ఆపేసింది. ఇక అయిపోయిందనుకున్నాను నేను.

ఆయన లేచి టోపీ తీశాడు. "ఆత్మలకి," అని, బెంచీ వెనకున్న పూలమొక్కల్లోకి కప్పు వంచేశాడు.

దోన్ అర్నోబియో కూడా టోపీ తీశాడు. "భేష్. ముందు వాళ్ళదే."

మొదటి చుక్కలు పోయినవాళ్ళకి పొయ్యడం మాకు ఉన్నదే. కానీ అది చుక్కలే, కప్పంతా కాదు. అదీ ఒక్కసారే. కప్పు నా దాకా, మళ్ళీ దోన్ అర్నోబియో దాకా తిరిగి మా బావ చేతికొచ్చింది. మా బావ మళ్ళీ లేచాడు.

"మా నాన్నకి."

"ఇందాక ఆత్మలన్నారుగా, అందులో మీ నాన్న లేడా?"

"మా నాన్న జనంలో తోసుకుని ముందుకెళ్ళే రకం కాదు బావగారూ. ఆయనకి విడిగా పొయ్యాలి."

కాదనడం ఎవరి తరం? పోశాడు. తర్వాతి వంతు తనకి జ్ఞానస్నానపు తండ్రిగా నిలిచి, ఎప్పుడో పోయిన నాబోర్‌కి వెళ్ళింది. ఆ తర్వాత, "గొలొంద్రీనాకి," అన్నాడు.

"ఎవరావిడ?" దోన్ అర్నోబియో గొంతు తగ్గించి, మా అక్క వైపు ఓరగా చూస్తూ అడిగాడు.

"మా నాన్న తోలిన కంచరగాడిద."

"గాడిదకి ఆత్మ ఉంటుందా?"

"మా ఇంట్లో ఉన్న ఆత్మంతా దానికే ఉండేది," అంది మా అక్క. "ఒరేయ్ ఎదిల్, నీళ్ళు తాగావా?"

ఎదిల్ అంటే నేనే. మా అక్కతో కూర్చుంటే ఒక కప్పుకి ఒక గ్లాసు మంచినీళ్ళు, మధ్యలో అరెపా ముక్క. నీళ్ళు తాగనివాడికి కప్పు రాదు. ఫాదర్‌నే వదలని దోన్ అర్నోబియో మా అక్క చూస్తే చాలు, గ్లాసు ఎత్తి గటగటా తాగేస్తాడు. ఆవిడ మటుకు చేప వేపుడుతో ఒక్క బీరు తాగి, ఖాళీ సీసా బోర్లించి పెట్టేసింది. బోర్లించాక ఇంక అడగడానికి ఎవరికీ ధైర్యం ఉండదు. నేనూ వియ్యంకుడూ తాగినవాళ్ళం కాబట్టి మాకు రైళ్ళూ చక్రాలూ లేవు. ఆ రోజుకి మా ఆట బెంచీయే.

ఇంతలో మా బావకి చచ్చిపోయినవాళ్ళు అయిపోయారు. కప్పు చేతిలో పట్టుకుని ఆకాశం కేసి చూస్తూ ఆలోచిస్తున్నాడు.

"మా మేనమామ రామోన్‌కి."

"ఏ రామోన్? పెరేరాలో జీపేసుకుని లాటరీ టిక్కెట్లమ్మే రామోనా? అయ్యో, ఎప్పుడు పోయాడు?"

"పొద్దున ఫోన్ చేస్తే ఎత్తలేదు."

"ఫోన్ ఎత్తకపోతే పోయినట్టేనా?"

"ముసలివాడు బావగారూ. ముందు జాగ్రత్త."

అని ఆ కప్పు కూడా మొక్కల్లోకి వంచేశాడు. ఇక ఆ మొక్కల సంగతి చెప్తే మీరు నమ్మరు, అయినా చెప్తాను. వారం తర్వాత విచ్చుకోవాల్సిన మొగ్గలు మా కళ్ళముందే విచ్చుకున్నాయి. చీమలు బారు తప్పి, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నడిచాయి. కొమ్మ మీదొక బర్రాంకెరో పిట్ట ఉంది. ఆ పిట్ట గడియారం లోలకంలా తోక ఇటూ అటూ ఊపుతుందని ఇక్కడ అందరికీ తెలుసు. కింద నుంచి ఆవిరి తగిలాక దాని తోక గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. దాన్ని చూసి టైము సరిచేసుకున్నవాళ్ళు ఇంకా భోజనానికి రాలేదు.

ఎండ తిరిగింది. మా బావ చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు, దోన్ అర్నోబియో నీడ కోసం ఆయన చోట్లోకి జరిగాడు. కూర్చుంటూనే ఉలిక్కిపడి లేచి, పంట్లాం వెనక తడుముకున్నాడు.

"తడి! ఎవడో పిల్లవెధవ పని." వేళ్ళు వాసన చూసుకుని, మళ్ళీ అక్కడే కూర్చున్నాడు. ఏమనుకున్నాడో ఏమో.

అప్పుడే కంచరగాడిద కూత పెట్టింది. తెరిచారు!

లుసేరో తాతయ్య చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంటే, చెయ్యూపి పంపడానికి మేమూ వెంట వెళ్ళాం. గేటు దగ్గర యెసెనియా అనే అమ్మాయి ఉంది, చొక్కా మీద పేరుంది. లుసేరో చెక్క గాడిద కింద నిలబడి, జుట్టు చేత్తో అణిచి, ఊపిరి బిగబట్టింది. చెవి కొస తలకి తగిలింది.

"వెళ్ళు బంగారం," అంది యెసెనియా. మా బావ దగ్గరికొచ్చేసరికి ముక్కు ఎగబీల్చింది. "సార్, మీరు ఆగండి. గ్వారో వాసన వస్తోంది. తాగి ఎక్కకూడదు."

మేమందరం కిందికి చూశాం. మా బావ వేసుకున్నవి గుడ్డ చెప్పులు, అడుగు నారతో అల్లింది. పొద్దున్నుంచి వంచిన ప్రతి కప్పులోంచీ కొంచెం ఆ చెప్పుల మీద పడింది. చెప్పులు మాత్రం పీకలదాకా తాగున్నాయి.

లుసేరో ఏడవలేదు. తాతయ్య చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసేసుకుంది.

మా బావ ఆ ఖాళీ చెయ్యి చూసుకున్నాడు. తర్వాత పక్కనే నిలబడ్డ వియ్యంకుణ్ణి చూశాడు. నాకు తెలిసిపోయింది. నోరు తెరిస్తే వియ్యంకుడు పోతాడు, మూసుకుంటే మనవరాలు పోతుంది.

"అమ్మా, నేను తాగలేదు," అన్నాడు. "మా బావగారు పోసిందంతా నేల మీద పారబోశాను. మొదటి కప్పు ఒక్కటే ఆత్మలది. తర్వాతవన్నీ వంకలు. పిల్లకి మాటిచ్చాను, బావగారికి చెప్పడానికి భయమేసింది."

దోన్ అర్నోబియో మీసం ఒక పక్క పైకీ ఒక పక్క కిందికీ పోయింది.

"నా గ్వారో? నేల మీదా?"

"నేల మీదే బావగారూ."

"అంతా?"

"అంతా. కొంచెం చెప్పుల మీద."

"అందరూ ఏదో ఒకటి చెప్తారు సార్," అంది యెసెనియా. "మొన్నొకాయన షాంపూ వాసన అన్నాడు. ఏదీ, నోరు తెరిచి ఊదండి."

మా బావ ఊదాడు. ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది. "ఉల్లిపాయ, చేప. సోంపు లేదు గానీ... ఇక్కడంతా ఘుమఘుమలాడిపోతోంది, ఎలా నమ్మను?"

అప్పుడు దోన్ అర్నోబియో ముందుకొచ్చాడు. తిట్టబోతున్నాడనుకున్నాం. ఆయన గేటుకి వీపు తిప్పి, కాస్త ముందుకి వంగాడు.

"వాసన చూడమ్మా."

"నాకెందుకు సార్ ఈ శిక్ష?"

"ఈయన కూర్చున్న చోట నేను కూర్చున్నాను. చూడు, ఎంత తడో! అది పిల్లల పని కాదు, నా సీసా. నేను ఈయన మీద అలిగాను. ఇంటికెళ్ళాక కూడా అలుగుతాను. కానీ ఈయన చెప్పింది నిజం. లోపలికి పంపు."

యెసెనియా నవ్వాపుకుంటూ మళ్ళీ మా బావ వైపు తిరిగింది. అప్పుడు చూసింది ఆయన మోకాళ్ళని. పంట్లాం గాలికి ఊగినట్టు ఊగుతోంది, గాలేమో లేదు.

"మీరెందుకు సార్ వణుకుతున్నారు?"

మా బావ పైన లోయలోకి దూకుతున్న పట్టాల వైపు చూశాడు. "భయమేస్తోందమ్మా."

నేను నా చెవుల్ని నమ్మలేదు. తాగి ఎద్దునెక్కిన మనిషి. తాగి చర్చి గంట తాడు పట్టుకుని ఊగి, రెండు వీధుల అవతల దిగిన మనిషి. ఆయన నోట ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ తాగే ఎక్కేవాడు గదా, ఆ మాట గొంతులోనే మునిగిపోయేది.

యెసెనియా గొలుసు తీసింది. "తాగొచ్చేవాళ్ళు నా దగ్గరికి నవ్వుకుంటూ వస్తారు సార్. చేతులు వదిలేసి కూర్చుంటామంటారు. ఇంత బుద్ధిగా భయపడుతూ వచ్చింది మీరే. ఆ చెప్పులు మాత్రం ఇక్కడ విప్పండి, వాటిని ఎక్కనివ్వను."

లుసేరో తాతయ్యని పైనుంచి కిందిదాకా చూసింది. "నిజంగానే భయమా తాతయ్యా?"

"ప్రాణం పోతోందే తల్లీ."

"నాక్కూడా," అని చెయ్యి మళ్ళీ ఆయన చేతిలో పెట్టేసింది.

రైలు కదిలింది. కొండ కొస దాకా ఇద్దరి తలలూ కనిపించాయి, తర్వాత తలలు పోయి అరుపొక్కటే మిగిలింది. మా బావ అరిచిన అరుపుకి ఫోండాలో వేపుడు పెనం మీద చేప లేచి రెండో వైపు తిరిగి పడుకుంది. పక్కనున్న ఫిలాందియా ఊళ్ళో ఒకావిడ ఆవు పాలు పితుకుతుంటే పెరుగొచ్చింది. ఆ అరుపు ఎదురు కొండకి కొట్టుకుని, మేం ఇంటికి బయల్దేరే వేళకి తిరిగొచ్చింది, మా బావ తనదేనని గుర్తుపట్టి టోపీ తీశాడు. ఇందులో ఒక్కటి కూడా అబద్ధం కాదు. కావాలంటే ఆవునడగండి.

దిగి వచ్చేసరికి ఆయన జుట్టు నిక్కబొడుచుకుంది, చేతిలో పిల్ల చెయ్యి అలాగే ఉంది.

"ఎలా ఉందయ్యా?" అంది మా అక్క.

"నువ్వు పెళ్ళికి ఒప్పుకున్న రోజులా ఉంది. అప్పుడూ ఇలాగే భయమేసింది."

"ఆ రోజూ తాగలేదన్నమాట," అంది అక్క, కానీ మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకుంది.

దోన్ అర్నోబియో కొంచెం దూరంగా నిలబడి ఉన్నాడు. ఇంతలో ఎక్కడికెళ్ళొచ్చాడో, కొమ్ము కప్పు నిండా ఏదో పట్టుకొచ్చి రెండు చేతులతో అందించాడు. మా బావ మొహం మాడిపోయింది. వాసన చూస్తే నిమ్మకాయ పిండిన బెల్లం నీళ్ళు.

"ఇదీ ఆత్మలకేనా బావగారూ?"

"కాదు బావగారూ, ఇది నాది." మా బావ ఒక్క గుక్కలో తాగి కప్పు బోర్లించి చూపించాడు.

"పొద్దున్నే ఒక్క మాట చెప్పుంటే ఇదే పోసేవాణ్ణిగా!"

"అలుగుతారనుకున్నాను."

"అలిగేవాణ్ణి. ఎందుకు అలగను? గట్టిగానే అలిగేవాణ్ణి. భోజనాల వేళకి తేరుకునేవాణ్ణి."

ఇంటికొచ్చేటప్పుడు మా అక్కని వెనక్కి పంపేసి, లుసేరో ముందు సీట్లో కూర్చుంది. సగం దారిలోనే తాతయ్య మోచేతి మీద తల వాల్చి నిద్రపోయింది. మా బావ ఆ చెయ్యి కదలకూడదని మలుపులన్నీ ఒంటి చేత్తో తిప్పుతుంటే, మా అక్క వెనక నుంచి రెండు చేతులూ పెట్టమని అరిచింది. పెట్టాడు. అయినా పిల్ల తల జారలేదు. ఆ రోజు జీపే మెల్లగా వంగి నడిచింది, అంత తెలివైంది అది.

వాకిట్లో జీపు ఆపి, తాళం చెవి మేకుకి తగిలించాడు. దోన్ అర్నోబియో పార్కులో మిగిలిన గ్వారోని సంచి అడుగు నుంచి తీసి కప్పులోకి వంచితే, సరిగ్గా ఒక్క కప్పొచ్చింది. మా బావ లుసేరో వైపు చూశాడు. పిల్ల కళ్ళు నులుముకుంటూ తాళం చెవి మేకు మీద ఉందో లేదో చూసుకుంది.

"ఇప్పుడు తాగొచ్చులే తాతయ్యా. ఒక్కటే. నీళ్ళు తాగి."

నీళ్ళు తాగాడు. కప్పు అందుకుని, టోపీ తీసి, నాలుగు చుక్కలు మాత్రం నేల మీద వదిలి, మిగతాది చప్పరిస్తూ చాలాసేపు తాగాడు. అప్పుడే ఫోన్ మోగింది. పెరేరా నుంచి మేనమామ రామోన్. మా అందరికీ వినపడేంత గట్టిగా అరుస్తున్నాడు.

"ఒరేయ్ గిల్దార్డో, నాకేదో అయిందిరా! పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. భోజనానికి ముందు ఉన్నట్టుండి తల తిరగడం మొదలైంది. నోట్లో ఒకటే సోంపు వాసన. ఎక్కడ తాగొచ్చావో చెప్పమని మీ అత్త చీపురు పట్టుకుని కూర్చుంది. నేనిప్పుడు ఏం చెయ్యనురా?"

దోన్ అర్నోబియో మెల్లగా శిలువ గుర్తు వేసుకున్నాడు. మా బావ కప్పు కింద పెట్టి, ఫోన్ దగ్గరగా పట్టుకున్నాడు.

"ఏం లేదు మామా. మంచినీళ్ళు బాగా తాగి పడుకో. పొద్దున దాకా జీపు మాత్రం ముట్టుకోకు."